స్పోర్టీ హ్యాచ్‌బ్యాక్

స్పోర్టీ హ్యాచ్‌బ్యాక్ అనగా కుటుంబ వినియోగానికి తయారైన చిన్న కారు యొక్క శరీరంలోనే మరింత శక్తిగల ఇంజను, బిగువైన సస్పెన్షన్, మెరుగైన బ్రేకులు, వెడల్పయిన టైర్లు అమర్చి రూపొందించిన కారు. మోటారు పత్రికలు దీనిని హాట్ హ్యాచ్ అని కూడా వ్యవహరిస్తాయి. ఇది రేసుకారు వంటి విలాసవస్తువు కాదు. ఉదయం పిల్లలను బడి వద్ద దింపి, సాయంత్రం అంగడికి పోయి వచ్చే కారే అవసరమైన చోట చురుకుగా కదలగలగడం దీని లక్షణం. ఈ రెండు గుణాలలో ఏ ఒక్కటి లోపించినా ఆ పేరు సార్థకం కాదు.

భారతదేశంలో ఈ తరగతి కార్లు 2001 నుండి అడపాదడపా వస్తూనే ఉన్నాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం కొద్ది సంవత్సరాలకే ఆగిపోయాయి. కొన్నవారి చేతిలో బండి మిగులుతుంది, విడిభాగాలు మాత్రం దొరకవు. కాబట్టి ఇటువంటి కారును ఎంచుకునేవారు హార్స్‌పవర్ అంకెతో ఆగక టైర్లు, బ్రేకులు, సేవాకేంద్రం దూరం, పన్ను, బీమా వంటి విషయాలను కూడా పరిశీలించవలసి ఉంటుంది. జగిత్యాల జిల్లాలోని మేడిపల్లి మండలం వంటి గ్రామీణ ప్రాంతంలో నివసిస్తూ కారును ప్రతిదినం నడిపేవారి అవసరాలను దృష్టిలో ఉంచుకొని ఈ విషయాలు ఇక్కడ వివరించబడినవి.

నిర్మాణం

హ్యాచ్‌బ్యాక్‌కు వెనుక డిక్కీ విడిగా పొడుచుకొని ఉండదు. పైకి తెరుచుకునే వెనుక తలుపు, మడవగలిగే వెనుక సీటు ఉంటాయి. సీటు మడిచినప్పుడు కారు సగం చిన్న సామానుబండిగా మారుతుంది. విత్తనాల సంచులు, కుట్టుమిషను, పెళ్ళివారి సామాను దేనినైనా ఎక్కించవచ్చు. పొడవు తక్కువ, వెనుక బరువు తక్కువ కావడం వలన ఇదే ఆకారం మలుపులలో సులభంగా తిరుగుతుంది. ఈ తరగతి కార్లలో దాదాపు అన్నిటికీ ఇంజను ముందు అడ్డంగా అమర్చబడి, ముందు చక్రాలనే తిప్పుతుంది.

మామూలు చిన్న కారుకు, స్పోర్టీ కారుకు మధ్య నిజమైన తేడా నాలుగు చోట్ల కనిపించాలి: ఇంజను, సస్పెన్షన్, బ్రేకులు, టైర్లు. ఎర్రదారంతో కుట్టిన సీట్లు, నల్లరంగు చక్రాలు, తోకపై చిన్న రెక్క, పక్కన స్టిక్కరు వీటి కిందికి రావు. షోరూములో స్పోర్ట్ అనే మాట వినగానే ఈ నాలుగింటిలో ఏది మారిందని అడగటం మంచిది. ఏదీ మారలేదంటే అది అలంకరణ మాత్రమే. అలంకరణకు డబ్బు పెట్టడం తప్పు కాదు గాని, దానిని వేగం అనుకొని పెట్టడం తప్పు.

ప్రపంచ చరిత్ర

చిన్న కారును వేగవంతం చేయవచ్చునని లోకానికి చూపినది బ్రిటన్‌కు చెందిన మినీ. 1961లో వచ్చిన మినీ కూపర్ వాహనాలు 1964, 1965, 1967 సంవత్సరాలలో మాంటీ కార్లో ర్యాలీ గెలిచాయి. అయితే దానికి వెనుక తెరుచుకునే పెద్ద తలుపు లేదు. అడ్డంగా అమర్చిన ఇంజను, ముందు చక్రాల చోదనం, వెనుక తలుపు మూడింటినీ ఒకచోట చేర్చిన తొలి కార్లలో ఇటలీకి చెందిన ఆటోబియాంకి ప్రిమ్యులా (1964) ఒకటి. ఫ్రాన్సులో 1965లో వచ్చిన రెనో 16 ఈ వెనుక తలుపును మధ్యతరగతి కుటుంబాలకు అలవాటు చేసినది.

ఈ తరగతికి రూపం స్థిరపరచినది వోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ. ఇటలీ రూపశిల్పి జోర్జెత్తో జుజారో గీసిన గోల్ఫ్ 1974లో వచ్చినది. దాని జీటీఐ రూపాన్ని 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటారు ప్రదర్శనలో చూపి 1976లో అమ్మకానికి పెట్టారు. 1.6 లీటర్ల ఇంజను, 110 హార్స్‌పవర్, సుమారు 810 కిలోల బరువు. ఐదువేల కార్లు అమ్ముడైతే చాలుననుకున్న సంస్థ ఆ మొదటి తరంలోనే నాలుగున్నర లక్షలకు పైగా అమ్మగలిగినది. అదే 1976లో ఫ్రాన్సులో రెనో 5 ఆల్పైన్, 1984లో ప్యూజో 205 జీటీఐ వచ్చాయి.

పై అంకెలలో శక్తి కంటే బరువును గమనించాలి. టన్ను బరువుకు లెక్కవేస్తే తొలి గోల్ఫ్ జీటీఐకి 135 హార్స్‌పవర్ పైన వస్తుంది. నలభై ఏళ్ళ తరువాత భారతదేశంలో వచ్చిన 102 హార్స్‌పవర్, 950 కిలోల బలెనో ఆర్‌ఎస్‌కు ఇదే లెక్క 107 మాత్రమే. నేటి కార్లు బరువెక్కడానికి కారణం ఎక్కువగా భద్రత. ఎయిర్‌బ్యాగులు, గట్టి ఉక్కు దూలాలు, తలుపులలోని అడ్డకడ్డీలు అన్నీ బరువే. ఆ బరువు పట్ల ఫిర్యాదు చేయవలసిన పని లేదు.

భారతదేశంలో

1983 డిసెంబరు 14న తొలి మారుతి 800 కారు తాళాలు కొనుగోలుదారుకు అందజేయబడ్డాయి. 796 సీసీల ఆ చిన్న కారుతోనే మన దేశంలో హ్యాచ్‌బ్యాక్ యుగం మొదలైనదని చెప్పవచ్చు. 1993లో వచ్చిన మారుతి జెన్ అల్యూమినియం ఇంజనుతో, తక్కువ బరువుతో, నడపడంలో హుషారు కోరేవారికి ప్రీతిపాత్రమైనది. 2003లో మూడు తలుపుల జెన్ కార్బన్, జెన్ స్టీల్ అనే పరిమిత సంఖ్య కార్లు కూడా వచ్చాయి.

శక్తిపరంగా మొదట చెప్పుకోదగినది 2001లో ఫియట్ తెచ్చిన పాలియో 1.6. సుమారు 100 హార్స్‌పవర్ గల ఈ కారుకు సచిన్ టెండూల్కర్ ప్రచారకర్త. ఆయన పేరున ఎస్10 అనే ప్రత్యేక కారు కూడా వచ్చినది. నడపడానికి ఎంత బాగుండేదో పెట్రోలు అంత తాగేది. 2005 మే నెలలో మారుతి స్విఫ్ట్ రావడంతో పరిస్థితి మారినది. 1.3 లీటర్ల పెట్రోలు ఇంజను, బిగువైన సస్పెన్షన్, నలుగురూ తిరిగి చూసే రూపం గల ఆ కారు మధ్యతరగతికి అందుబాటు ధరలో దొరికినది. 2007లో ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల డీజిల్ ఇంజనుతో వచ్చిన స్విఫ్ట్ తెలుగు పల్లెలకు కూడా చేరినది. ఇతర దేశాలలో అమ్మే స్విఫ్ట్ స్పోర్ట్ అనే అసలైన వేగపు రూపం మాత్రం భారతదేశానికి రాలేదు.

2006 కేంద్ర బడ్జెట్టు ఈ తరగతి తలరాతను నిర్ణయించినది. పొడవు 4 మీటర్లకు మించకుండా, పెట్రోలు ఇంజను 1,200 సీసీలకు, డీజిల్ ఇంజను 1,500 సీసీలకు మించకుండా ఉన్న కార్లను చిన్న కార్లుగా నిర్వచించి ఎక్సైజు సుంకాన్ని 24 శాతం నుండి 16 శాతానికి తగ్గించారు. స్విఫ్ట్ 1.3 లీటర్ల ఇంజను స్థానంలో 2010లో 1.2 లీటర్ల ఇంజను రావడానికి, పాలియో వంటి 1.6 లీటర్ల చిన్న కార్లు మళ్ళీ అరుదు కావడానికి ఈ గీతే ముఖ్యకారణం. 2017లో జీఎస్టీ వచ్చినప్పుడూ ఇదే నిర్వచనం నిలిచినది. 2025 సెప్టెంబరు 22 నుండి ఈ కొలతలలోపు కార్లకు 18 శాతం, పెద్దవాటికి 40 శాతం పన్ను అమలైనది. కాబట్టి ఇంజను పరిమాణం పెంచకుండా శక్తి పెంచే మార్గం టర్బోఛార్జర్ ఒక్కటే అయినది.

ఆ మార్గంలో వచ్చిన కార్లను వరుసగా చూస్తే, 2013లో వోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ వచ్చినది. 1.2 లీటర్ల టర్బో ఇంజను, 105 హార్స్‌పవర్, ఏడు గేర్ల డబుల్ క్లచ్ గేరుపెట్టె దీని ప్రత్యేకత. 2015లో ఫియట్ తెచ్చిన అబార్త్ పుంటో 1.4 లీటర్లు, 145 హార్స్‌పవర్లతో పది లక్షల లోపు ధరకు దొరికినది. ఆ ధరకు అంతటి శక్తి అంతకు ముందు ఎవరూ ఇవ్వలేదు. 2016లో మూడు తలుపుల పోలో జీటీఐ 25 లక్షలు దాటిన ధరతో వచ్చి ఆ ధర వల్లనే కొద్దిమందికి పరిమితమైనది. 2017లో బలెనో ఆర్‌ఎస్, 2018లో కోయంబత్తూరుకు చెందిన జయం ఆటోమోటివ్స్ భాగస్వామ్యంతో టాటా టియాగో జేటీపీ వచ్చాయి. జేటీపీ ధర 6.39 లక్షలు, శక్తి 114 హార్స్‌పవర్. సామాన్యుడికి అందిన వేగపు కారు అదేనని ఈ వ్యాసకర్త అభిప్రాయం. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 కాలుష్య నిబంధనలు అమలులోకి వచ్చేనాటికి బలెనో ఆర్‌ఎస్, జేటీపీ, స్విఫ్ట్ డీజిల్ అన్నీ అంగడి నుండి తప్పుకొన్నాయి. పోలో 2022 వరకు కొనసాగి ఆగిపోయినది.

తరువాత హ్యుందాయ్ 2020లో గ్రాండ్ ఐ10 నియోస్ టర్బోను, 2021 సెప్టెంబరులో ఐ20 ఎన్ లైన్‌ను తెచ్చినది. ఎన్ లైన్‌లో 998 సీసీల టర్బో ఇంజను 120 హార్స్‌పవర్ ఇస్తుంది; సస్పెన్షన్, స్టీరింగు, సైలెన్సరు ధ్వని కూడా మామూలు ఐ20 కంటే భిన్నంగా సర్దబడినవి. 2022లో సిట్రోయెన్ సీ3 టర్బో, 2024 జూన్‌లో 120 హార్స్‌పవర్ల టాటా ఆల్ట్రోజ్ రేసర్ వచ్చాయి. 2025 మే నెలలో గోల్ఫ్ జీటీఐ స్వయంగా దిగుమతి రూపంలో వచ్చినది. ధర సుమారు 53 లక్షలు, మొదటి విడత 150 కార్లు. యాభై ఏళ్ళ క్రితం సామాన్య జర్మను గృహస్థు కోసం పుట్టిన ఆలోచన మన గడపకు వచ్చేసరికి ధనికుల వస్తువైనది.

జగిత్యాల ప్రాంత రహదారులు

మేడిపల్లి 2016 అక్టోబరు 11 వరకు కరీంనగర్ జిల్లాలోని మండల కేంద్రం. ఆనాటి నుండి జగిత్యాల జిల్లాలో ఉన్నది. ఇక్కడివారి నిత్యప్రయాణాలు కోరుట్ల, జగిత్యాలలకు. మరోవైపు వేములవాడ, సిరిసిల్లలకు. కోరుట్ల, జగిత్యాలలను కలిపే 63వ నంబరు జాతీయ రహదారి ఆర్మూరు నుండి మెట్‌పల్లి మీదుగా వచ్చి ధర్మపురి వైపు సాగుతుంది. జగిత్యాల నుండి కరీంనగర్‌కు 563వ నంబరు జాతీయ రహదారి, అక్కడి నుండి హైదరాబాదుకు రాజీవ్ రహదారి. సుమారు 200 కిలోమీటర్ల ఈ ప్రయాణంలో కారు అన్ని రకాల పరీక్షలకు లోనవుతుంది.

ఊరి రోడ్లు మాత్రం వేరు. ఒకే వరుస తారురోడ్డు, అంచున మెత్తటి మట్టి, ఊరికి రెండు మూడు స్పీడ్ బ్రేకర్లు. వాటిలో కొన్నింటికి రంగు ఉండదు, కొలత ఉండదు. వరికోతల కాలంలో సగం రోడ్డుపై వడ్లు ఆరబోసి, అంచున రాళ్ళు పెట్టి ఉంటాయి. చీకటి పడ్డాక ఆ రాళ్ళు కనబడవు. దీపాలు లేని ట్రాక్టరు ట్రాలీలు, హార్వెస్టరు యంత్రాలు, రోడ్డు దాటే గొర్ల మందలు సరేసరి. ఇటువంటి చోట వేగపు కారు వలన లాభమేమని అడిగేవారున్నారు. ప్రశ్న న్యాయమైనదే. లాభమంతా ఒకే సందర్భంలో ఉన్నది, అది రెండు వరుసల రోడ్డుపై ముందున్న లారీని దాటడం.

లారీ గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్నదనుకుందాం. దానిని దాటి మన వరుసలోకి రావడానికి ఒక కారుకు 8 సెకన్లు, మరొకదానికి 6 సెకన్లు పట్టినవనుకుందాం. ఎదురుగా వచ్చే వాహనం, మన కారు రెండూ 80 కిలోమీటర్ల వేగంలో ఉంటే, వాటి మధ్య దూరం సెకనుకు 44 మీటర్ల చొప్పున తరుగుతుంది. రెండు సెకన్ల తేడా అంటే 88 మీటర్లు. చురుకైన కారు కొన్నవారికి దక్కేది ఈ 88 మీటర్లే. దానిని భద్రతగా దాచుకోవచ్చు, లేదా ఇంకా ఇరుకైన సందులో దూరడానికి ఖర్చు చేయవచ్చు. రెండవ పని చేసేవారికి మామూలు కారే క్షేమం.

దాటే సమయంలో పనికివచ్చేది గరిష్ఠ హార్స్‌పవర్ కంటే తక్కువ చుట్లలో దొరికే టార్క్, అనగా ఇంజను తిప్పుబలం. 2024 మే నెలలో వచ్చిన నాలుగవ తరం స్విఫ్ట్ ఇంజను 82 హార్స్‌పవర్ ఇస్తుంది; దాని గరిష్ఠ తిప్పుబలం 112 న్యూటన్-మీటర్లు నిమిషానికి 4,300 చుట్ల వద్ద గాని రాదు. కాబట్టి దాటేముందు ఒకటి రెండు గేర్లు దించి ఇంజనును అరిపించాలి. ఐ20 ఎన్ లైన్ ఇంజను 172 న్యూటన్-మీటర్లను 1,500 చుట్ల నుండే ఇస్తుంది. నలుగురు మనుషులు, సామాను, ఏసీతో వెళ్ళేటప్పుడు ఈ తేడా బాగా తెలుస్తుంది. పరీక్షార్థం నడిపేటప్పుడు ఒంటరిగా కాక ఇంటిల్లిపాదితో నడిపి చూడటం మంచిది. షోరూమువారు సాధారణంగా కాదనరు.

సౌదీ, దుబాయి వంటి చోట్ల డ్రైవర్లుగా పనిచేసి తిరిగివచ్చినవారు ఈ ప్రాంతంలో ఎందరో ఉన్నారు. అక్కడి విశాలమైన రోడ్లపై కుడివైపున నడపడం అలవాటైన చేతికి ఇక్కడి ఎడమవైపు ఇరుకు రోడ్డు కొత్తగా ఉంటుంది. మొదటి కొన్ని నెలలు శక్తి తక్కువ కారుతో సర్దుకోవడం వారికి మేలు.

టైర్లు, సస్పెన్షన్, బ్రేకులు

టైరుపై 195/55 ఆర్ 16 అని ఉంటే, 195 అనగా వెడల్పు మిల్లీమీటర్లలో, 55 అనగా ఆ వెడల్పులో పక్కగోడ ఎత్తు శాతం, 16 అనగా చక్రం వ్యాసం అంగుళాలలో. ఈ లెక్కన పక్కగోడ ఎత్తు సుమారు 107 మిల్లీమీటర్లు. 185/65 ఆర్ 15 టైరుకు 120, 165/80 ఆర్ 14 టైరుకు 132 మిల్లీమీటర్లు వస్తుంది. గోడ పొట్టిదైన కొద్దీ మలుపులో కారు స్థిరంగా ఉంటుంది. గుంతలో పడినప్పుడు మాత్రం గోడ ఉబ్బడం, చక్రం అంచు వంగడం జరుగుతాయి. ఉబ్బిన టైరుకు మరమ్మతు లేదు, మార్చవలసిందే. సంగారెడ్డి జిల్లా సదాశివపేట వద్ద ఎంఆర్‌ఎఫ్ వారి టైర్ల కర్మాగారం ఉన్నప్పటికీ, అరుదైన కొలత టైర్లు మన పట్టణాల దుకాణాలలో వెంటనే దొరకకపోవచ్చు. కారు కొనేముందు ఆ కొలత టైరు జగిత్యాలలోనో కోరుట్లలోనో ఉన్నదా, ధర ఎంత అని ఒకసారి కనుక్కోవాలి. చాలామంది ఈ చిన్న పని చేయరు.

నేల నుండి కారు అడుగుభాగం ఎత్తు కూడా ముఖ్యం. స్విఫ్ట్‌కు 163 మిల్లీమీటర్లు, ఐ20కి 170. అబార్త్ పుంటో 155 మాత్రమే. ఈ కొలత ఖాళీ కారుకు చెప్పేది. ఐదుగురు ఎక్కితే తగ్గుతుంది. ఊరి స్పీడ్ బ్రేకరును ఏటవాలుగా, ఒక్కొక్క చక్రంతో దాటించే అలవాటు ఇందుకే వచ్చినది. సస్పెన్షన్ బిగువు వలన నడిపేవారికి హుషారు, వెనుక కూర్చున్న పెద్దవారికి నడుంనొప్పి. కొనుగోలు నిర్ణయంలో వెనుక సీటువారికి కూడా ఓటు ఉండాలి.

వేగం పెరిగిన కొద్దీ ఆపడానికి పట్టే దూరం వేగం యొక్క వర్గానికి అనులోమంగా పెరుగుతుందని విద్యార్థులు పదవ తరగతి లోపే చదువుతారు. మంచి పొడి రోడ్డుపై 60 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేస్తే సుమారు 20 మీటర్లలో ఆగే కారు, 80 వద్ద సుమారు 36 మీటర్లు తీసుకొంటుంది. దీనికి ముందు, కాలు బ్రేకు మీదికి పోయే ఒక్క సెకనులో మరో 22 మీటర్లు పోతుంది. ఇంజను శక్తి పెంచి బ్రేకులు పాతవే ఉంచిన కారు అందుకే ప్రమాదకరం. బలెనో ఆర్‌ఎస్‌లో వెనుక చక్రాలకు కూడా డిస్కు బ్రేకులు ఇచ్చారు. ఈ ధరల తరగతిలో అది అరుదు.

ఘాట్ రోడ్డులో బ్రేకుల మీదనే ఆధారపడరాదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు ఘాట్ రోడ్డులో ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా మరణించిన విషాదం ఈ జిల్లావారు మరువలేనిది. చిన్న కారైనా, నిండా జనంతో కొండ దిగేటప్పుడు ఎక్కిన గేరులోనే దిగాలి. న్యూట్రల్‌లో వేసి పెట్రోలు మిగిల్చుకోవాలనుకోవడం ప్రాణాంతకం.

భద్రత

2014లో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ భారతీయ కార్లను ఢీకొట్టించి పరీక్షించినప్పుడు, ఎయిర్‌బ్యాగులు లేని పోలోకు ఒక్క నక్షత్రం కూడా రాలేదు. ఆ తరువాత సంస్థ అన్ని పోలోలకు రెండు ఎయిర్‌బ్యాగులు ఇవ్వగా, అటువంటి కారుకు నాలుగు నక్షత్రాలు వచ్చాయి. అదే ఏడు ఎయిర్‌బ్యాగులు లేని స్విఫ్ట్‌కు సున్నా వచ్చినది. 2020లో ఆల్ట్రోజ్ ఐదు నక్షత్రాలు పొందినది. 2023 అక్టోబరు 1 నుండి భారత్ ఎన్‌క్యాప్ పేరుతో మన దేశమే ఈ పరీక్షలు మొదలుపెట్టినది. కొత్త కార్లకు ఏబీఎస్ 2019 ఏప్రిల్ నుండి, డ్రైవరు ఎయిర్‌బ్యాగు 2019 జూలై నుండి తప్పనిసరి. పాత కారు కొనేవారు ఈ తేదీలను మనసులో ఉంచుకొని, అంతకు ముందు తయారైన తక్కువ రకం కార్లను వదిలివేయడం మంచిది.

2018 ఏప్రిల్‌లో కేంద్రం ప్రకటించిన గరిష్ఠ వేగాలు కార్లకు ఎక్స్‌ప్రెస్‌వేపై 120, విభాగిని గల నాలుగు వరుసల రోడ్డుపై 100, ఇతర రోడ్లపై 70 కిలోమీటర్లు. రాష్ట్రాలు వీటిని తగ్గించుకోవచ్చు. అనగా 190 వరకు పోగల కారులోని సగానికి పైగా వేగం చట్టరీత్యా ఊరి రోడ్డుపై ఉపయోగానికి రాదు.

ఖర్చు

తెలంగాణలో 2022లో సవరించిన జీవితకాలపు రోడ్డు పన్ను ప్రకారం 5 నుండి 10 లక్షల మధ్య ధర గల కారుకు 14 శాతం, 10 లక్షలు దాటి 20 లక్షల లోపు కారుకు 17 శాతంగా ఉండేది. దీని ప్రభావం చిత్రంగా ఉండేది. 9.5 లక్షల కారుకు పన్ను 1.33 లక్షలు, 10.5 లక్షల కారుకు 1.78 లక్షలకు పైన పడేది. ధరలో తేడా లక్ష, పన్నులో తేడా దాదాపు 45 వేలు. స్పోర్టీ రకాలు తరచు ఈ గీతకు అటూ ఇటూ ఉంటాయి కాబట్టి, పై రకానికి పోవాలా అనే ప్రశ్నకు ఈ లెక్క వేసి జవాబు చెప్పుకోవాలి. ఆ రోజున అమలులో ఉన్న రేటును రవాణా కార్యాలయంలో సరిచూసుకోవాలి.

బీమాలో మాత్రం టర్బో కారుకు ఒక చిన్న లాభం ఉన్నది. థర్డ్ పార్టీ బీమా రుసుము శక్తిని బట్టి కాక ఇంజను సీసీలను బట్టి ఉంటుంది. 2022 జూన్‌లో నిర్ణయించిన రేట్లలో 1,000 సీసీల వరకు సంవత్సరానికి 2,094 రూపాయలు, 1,000 నుండి 1,500 సీసీల వరకు 3,416 రూపాయలు. 998 సీసీలతో 120 హార్స్‌పవర్ ఇచ్చే కారు తక్కువ రుసుము తరగతిలోనే పడుతుంది. సొంత నష్టానికి చేసే బీమా కారు ధరను బట్టి ఉంటుంది గనుక అక్కడ ఈ లాభం కొంత పోతుంది.

పెట్రోలు విషయంలో కంపెనీ చెప్పే అంకె ప్రయోగశాలది. స్విఫ్ట్ మాన్యువల్‌కు లీటరుకు 24.80 కిలోమీటర్లని, టర్బో కార్లకు సుమారు 20 అని చెబుతారు. వాస్తవంలో రెండూ తగ్గుతాయి. టర్బో కారు నడిపేవారి కాలును బట్టి ఇంకా ఎక్కువ తగ్గుతుంది. నెలకు 1,000 కిలోమీటర్లు తిరిగేవారికి ఒక కారు 18, మరొకటి 13 ఇస్తే నెలకు 21 లీటర్లు ఎక్కువ ఖర్చవుతాయి. లీటరు 107 రూపాయల చొప్పున అది సుమారు 2,300 రూపాయలు. 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వలన మైలేజీ మరికొంత తగ్గుతుంది, ఎందుకంటే ఇథనాల్‌లో పెట్రోలు కంటే మూడవ వంతు తక్కువ శక్తి ఉంటుంది. 2023 ఏప్రిల్‌కు ముందు తయారైన కారైతే ఆ పెట్రోలుకు అది తగినదేనా అని యజమాని పుస్తకంలో చూసుకోవాలి.

నిర్వహణ

టర్బోఛార్జర్ సైలెన్సరు వైపు పోయే వేడి వాయువులతో నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే చిన్న చక్రం. దానికి ప్రాణం ఇంజను ఆయిలు. పుస్తకంలో చెప్పిన తరగతి ఆయిలునే, చెప్పిన గడువుకే మార్చాలి. సంవత్సరంలో తక్కువ తిరిగినా మార్చాలి. దూరప్రయాణంలో గట్టిగా నడిపి ఆపిన వెంటనే తాళం తీయకుండా ఒక నిమిషం ఇంజనును నిదానంగా తిరగనిస్తే టర్బోలోని ఆయిలు మాడిపోదు. ఉదయం చల్లని ఇంజనును అరిపించడం కూడా మంచిది కాదు.

డబుల్ క్లచ్ గేరుపెట్టెలలో పొడి క్లచ్ రకానివి ఆగుతూ సాగే రద్దీలో వేడెక్కుతాయి. ఏటవాలులో ఆక్సిలరేటరుతో కారును నిలబెట్టి ఉంచడం వాటికి హాని. హైదరాబాదు రద్దీలో ఎక్కువ తిరిగేవారు ఈ విషయం గమనించాలి. మేడిపల్లి, కోరుట్లల మధ్య తిరిగేవారికి మాన్యువల్ గేర్లే చవక, మరమ్మతుకు సులభం.

ఇంజను కంప్యూటరులో అంకెలు మార్పించి శక్తి పెంచడం యువకులలో వ్యాపించిన అలవాటు. దాని వలన వారంటీ పోతుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు నిర్దేశించిన రూపానికి భిన్నంగా వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ విషయాన్ని స్పష్టం చేసినది. ప్రమాదం జరిగినప్పుడు బీమా సంస్థ పరిహారం నిరాకరించడానికి ఇటువంటి మార్పు చాలు. పెద్ద శబ్దం చేసే సైలెన్సరు విషయమూ అంతే.

పాత కారు కొనుగోలు

ఆగిపోయిన పోలో జీటీ, అబార్త్ పుంటో, టియాగో జేటీపీ వంటివి ఇప్పుడు పాతవిగానే దొరుకుతాయి. అభిమానులుండటం వలన ధర బాగా పడిపోదు. వీటిలో వోక్స్‌వ్యాగన్, టాటా సంస్థలు దేశంలో కొనసాగుతున్నాయి. ఫియట్ మాత్రం తన పేరుతో కార్ల అమ్మకం మానివేసినది కనుక అబార్త్ యజమానికి ప్రత్యేక విడిభాగాల అన్వేషణ తప్పదు. ఊరి షెడ్డులో చేయగలిగే మరమ్మతు ఏది, కరీంనగర్, నిజామాబాదు లేదా హైదరాబాదు పోవలసినది ఏది అని ముందే తెలుసుకొన్నవారికే ఇవి తగును. ఇంట్లో ఉన్న ఏకైక కారు ఇదే అయితే ఈ కార్లకు దూరంగా ఉండటం మేలు.

చూసేటప్పుడు చల్లని ఇంజనును తామే తిప్పి చూడాలి. ముందే వేడిచేసి ఉంచితే అనుమానించాలి. టైరు పక్కన ఉండే నాలుగంకెల ముద్రలో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి: 2319 అంటే 2019 సంవత్సరం 23వ వారం. నాలుగు టైర్లు నాలుగు కాలాలవైతే ఆ కారు చరిత్రను మరికొంత తవ్వాలి. వేగపు కార్లపై చలాన్లు పేరుకొని ఉండటం మామూలే గనుక పోలీసు శాఖ ఈ-చలాన్ వెబ్‌సైటులో నంబరు కొట్టి చూడాలి. యాజమాన్య మార్పుకు 29, 30 నంబరు ఫారాలు, అప్పు తీరిన కారుకు 35వ ఫారం, వేరే రాష్ట్రం నుండి తెస్తే 28వ ఫారంపై నిరభ్యంతర పత్రం కావాలి. జగిత్యాల జిల్లా రిజిస్ట్రేషన్లకు 21వ సంఖ్య కేటాయించబడినది. 2024 మార్చి వరకు టీఎస్ అని, అప్పటి నుండి టీజీ అని మొదలవుతుంది. అమ్మినవారి పేరే ఆర్‌సీలో మిగిలిపోతే, ఆ తరువాత జరిగే ప్రమాదానికి వారు కూడా జవాబుదారీ కావలసి వస్తుంది కాబట్టి, డబ్బు చేతులు మారిన రోజునే ఫారాలపై సంతకాలు కావడం ఇరువురికీ అవసరం.